అటకమీది డబ్బాలు



మొన్న మా వంటింటి అటక దించి సర్దుకున్నాము. మూతలు లేని డబ్బాలు పద్నాలుగు, డబ్బాలు లేని మూతలు తొమ్మిది లెక్కకు వచ్చినవి. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాము. అడుగున ఒక ప్లాస్టిక్ డబ్బా కనబడగానే ఆ నవ్వు ఆగిపోయినది. అది పురుగుమందు డబ్బా. గట్టిగా ఉన్నదని ఎప్పుడో పొలము నుండి తెచ్చి, కడిగి దాచినది మేమే.

2013 జూలై 16న బీహారులోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసియున్నదని పరీక్షలో తేలినది. మందు డబ్బాలో నూనె పోసి ఉంచినందున ఇది జరిగియుండవచ్చునని అధికారులు అనుమానించారు.

గనుక ఒక పూట తీరిక చేసుకొని మీ డబ్బాలన్నియు క్రిందికి దించండి. మూత సరిపడినవే ఉంచండి. ప్రతి డబ్బాకు పేరు వ్రాసి చీటి అంటించండి. పాత పప్పు అయిపోయి, డబ్బా కడిగి ఎండబెట్టిన తరువాతనే క్రొత్తది పోయండి.

మందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినను తిండికి, త్రాగే నీటికి వాడరాదు. పశువుల కుడితికి కూడా వాడవద్దు. ఎవరికీ ఇవ్వవద్దు. చిల్లులు పొడిచి, మరెవరూ వాడుకొనకుండా చేయండి. పొయ్యిలో కాల్చవద్దు, ఆ పొగ కూడా హానికరమే.

మంచి డబ్బా పారవేయుటకు చేతులు రావు, నిజమే. మాకూ రాలేదు. అయితే డబ్బాను మరల కొనుక్కొనవచ్చును.