చట్టం గుర్తించిన లోపం... ఇంట్లో మాత్రం ‘మొద్దు’తనమే!

మిరప కోతలు మొదలయ్యాయంటే పల్నాడు పల్లెల్లో ముందుగా బడి మానేది చదువు అబ్బని పిల్లవాడే. వాడు విన్న కథ పొల్లుపోకుండా చెబుతాడు. సైకిలు విప్పి మళ్లీ బిగిస్తాడు. పుస్తకం తెరిస్తే మాత్రం ‘మ’కు, ‘య’కు తేడా తెలియదు. వత్తులు వదిలేస్తాడు, ఒక వరుస చదువుతూ మరో వరుసకు దూకుతాడు. నల్లబల్ల చూసి రాసినా అక్షరాలు తారుమారే. కూలి డబ్బులతో ట్యూషన్ పెట్టించిన తండ్రి, ఫలితం కనిపించక చివరికి బెత్తం అందుకుంటాడు.

ఇది సోమరితనం కాదు, తెలివి తక్కువ కావడమూ కాదు. తెలివి, చూపు, వినికిడి సరిగానే ఉండి చదవడం, రాయడం, లెక్కలు చేయడం దగ్గర మాత్రమే తడబడే స్థితి ఇది. వైద్యులు దీనిని నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటున్నారు. చదవడంలో కనిపించే దానికి డిస్లెక్సియా అని పేరు. 2007లో వచ్చిన హిందీ చిత్రం ‘తారే జమీన్ పర్’తో పట్టణాల్లో ఈ మాట ప్రచారమైంది గాని పల్లెకు సరిగా చేరలేదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో దీనికి చోటే లేదు. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో దీనినీ చేర్చి, వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాలన్నది.

గుర్తించేదెవరన్నదే చిక్కు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో అభ్యసన లోపం ఉన్నది. కాని పళ్లు, కళ్లు, రక్తహీనత చూసుకుంటూ పోయే బృందానికి ఒక్కొక్కరి చేత పేజీ చదివించే తీరిక ఎక్కడిది? రోజూ చూసేది ఉపాధ్యాయుడు, తల్లి. మూడో తరగతికి, అంటే ఎనిమిదేళ్లకు వచ్చినా చిన్న వాక్యం చదవలేకపోతే అనుమానించాల్సిందే.

అలాగని చదవలేని ప్రతి బిడ్డకూ ఈ పేరు అంటగట్టరాదు. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చే కూలీల వెంట నెలల తరబడి బడికి దూరమయ్యే పిల్లలకు కావలసింది బడి, వైద్య పరీక్ష కాదు. కళ్లద్దాలతో తీరిపోయే ఇబ్బందులూ ఉంటాయి. కనుక ముందు కళ్లు, చెవులు చూపించాలి.

మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. తల్లిదండ్రులే అటు వెళ్లడానికి జంకుతారు. ‘మావాడికేమన్నా పిచ్చా?’ అన్నది మొదటి ప్రశ్న. ఆడపిల్లయితే రేపు సంబంధాలు రావన్న భయం. ఆ భయం పోగొట్టే మాట బడి నుంచే రావాలి. ప్రగతి పత్రంలో ‘శ్రద్ధ లేదు’ అని రాసి ఊరుకుంటే ఇంట్లో దెబ్బలు పెరుగుతాయి, అంతే. విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని నిషేధించింది. ఇంటి బెత్తానికి అడ్డు లేదు.

ఇంట్లో చేయదగిన వాటికి పెద్దగా ఖర్చు లేదు. పూర్వం పిల్లల చేత ఇసుకలో వేలితో అక్షరం దిద్దించేవారు. పలుకుతూ అలా దిద్దించడం వీరికి ఇప్పటికీ పనికొస్తుంది. ఒకేలా కనిపించే రెండక్షరాలు ఒకేరోజు నేర్పకూడదు. పాఠం అక్కయ్యో, అన్నయ్యో చదివి వినిపిస్తే, అర్థమైంది నోటితో చెప్పించుకోవచ్చు. చదువురాని తల్లి కూడా ఇది చేయగలదు.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చాక ఎనిమిది వరకు తప్పించడం ఆగింది. 5, 8 తరగతుల్లో ఆపే వీలు 2019లో రాష్ట్రాలకు వచ్చింది. పై తరగతికి పోతున్నాడు గదా అని తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. అసలు సంగతి పదిలో బయటపడుతుంది. వైకల్య ధ్రువపత్రం ఉంటే పరీక్షలో సహాయకుని చేత రాయించుకోవడానికి, అదనపు సమయానికి అవకాశం ఉన్నది. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆ సమయం గంటకు 20 నిమిషాలకు తగ్గరాదు. అయితే పత్రానికి ముందు పిల్లల వైద్యుడు, మనోవిజ్ఞాన నిపుణుడు చూడాలి, తెలివితేటల పరీక్ష, చదువు పరీక్ష వేర్వేరుగా జరగాలి. పదో తరగతి దరఖాస్తులు నింపే నాటికి పత్రం ప్రధానోపాధ్యాయుని చేతిలో ఉండాలంటే తొమ్మిదిలోనే తిరగడం మొదలుపెట్టాలి.