పాడైంది ఫోనా, బ్యాటరీయా?

— బి.ఎస్సీ. (ఎం.పి.సి.) తృతీయ సంవత్సరం విద్యార్థి

సంక్రాంతి సెలవులకు నాలుగు రోజుల ముందు మా హాస్టల్ గదిలో ఒక పంచాయితీ నడిచింది. ముద్దాయి నా ఫోను. పొద్దున్న ఎనిమిదింటికి నూటికి నూరు నింపుకొని కాలేజీకి తీసుకుపోతే, పదకొండు గంటల ఫిజిక్స్ క్లాసు అయ్యేసరికి ముప్ఫైకి దిగేది. ఆ ముప్ఫై కూడా నమ్మదగిన ముప్ఫై కాదు. క్యాంటీనులో డబ్బు కట్టడానికని కెమెరా తెరిస్తే చాలు, టక్కున ఆరిపోయేది. వెనక పదిమంది వరసలో నిలబడి వుండగా, ఒక చేతిలో దోశ ప్లేటు, ఇంకో చేతిలో చచ్చిన ఫోను పట్టుకొని "అన్నా, సాయంత్రం ఇస్తా" అనడం ఎట్లా వుంటుందో అనుభవించినవారికి చెప్పనక్కరలేదు; అనుభవించనివారికి చెప్పినా అర్థం కాదు.

గదిలోని ముగ్గురు మిత్రులూ ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. "పారెయ్ రా దాన్ని! ముందు ఒక్క రూపాయి కట్టే పని లేదు. నెలకు పదిహేను వందలు, ఏడాదిల అయిపోతది." అంటే పద్దెనిమిది వేలన్నమాట. వాళ్లను తప్పుపట్టను. వాళ్లలో ఇద్దరు అట్లాగే కొన్నారు, అట్లాగే కడుతున్నారు. నాకు మాత్రం ఆశ లేదా? కొత్త ఫోను పెట్టె విప్పేటప్పుడు వచ్చే వాసన నాకూ ఇష్టమే. ఆ రాత్రి చార్జింగు వైరు తగిలించే వుంచి, ఇంటికి ఫోన్ చేసి నాయినతో సంగతి చెప్పాను.

మాది నల్లగొండ జిల్లా. నాలుగెకరాల సేద్యం. బోరు కింద రెండెకరాల వరి, మిగిలిన రెండూ పత్తి. ఈ ఫోను కొన్నది 2022లో, నేను ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరంలో చేరేటప్పుడు. ఆ ఏడు పత్తి క్వింటాలు పది వేలు దాటి పలికింది గనుక నా చేతికి పన్నెండు వేల ఫోను వచ్చింది. ఆ ధర మళ్లీ మా ఇంటికి రాలేదు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసునని నాయినకూ తెలుసు. అయినా ఆయన వద్దనలేదు. "కొందాం గని బిడ్డా, సేటు దగ్గర తేవాలె. ఇంతకు ఏం పాడైందిరా దాన్ల?" అని అడిగాడు.

నలుగురం సైన్సు విద్యార్థులం గంటసేపు వాదించుకున్నాం గాని, ఆ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు! తెర బాగానే వుంది. మాట వినిపిస్తుంది. కెమెరా పనిచేస్తుంది. నేను చదివే పాఠాలు, చూసే సినిమాలు అన్నీ అందులో ఇముడుతున్నాయి.

"బ్యాటరీ ఆగుతలేదు నాయినా" అన్నాను.

"మరి బ్యాటరీ మార్పిస్తే అయిపోయె గద! మోటరు కాలితె బోరు పూడుస్తమా?"

ఆయన నవ్వులాటకు అన్న మాట కాదది. మా బోరులోని 5 హెచ్.పి. మోటారు నాకు ఊహ తెలిసినప్పటినుంచీ అదే. రెండుసార్లు కాయిల్ కాలింది. రెండుసార్లూ పైపులు ఒక్కొక్కటే పైకి లాగి, మోటారును ట్రాలీ ఆటోలో వేసుకొని నకిరేకల్ పోయి, వైండింగు చేయించి, బుష్షులు మార్పించి తెచ్చి మళ్లీ దించాడు. వైండింగుకు ఐదారు వేలవుతుంది. కొత్త మోటారైతే పాతిక వేల పైమాట. కాలిన భాగం ఏదో తెలిసిన తర్వాతనే రైతు జేబులో చెయ్యి పెడతాడు. చదువుకున్న మనం మాత్రం ముందు జేబులో చెయ్యి పెట్టి, తర్వాత కూడా కారణం తెలుసుకోము.

ఇక నేను చదివే సైన్సు ఏమంటుందో చూద్దాం. మన ఫోన్లలో వుండేది లిథియం అయాన్ బ్యాటరీ. 1991లో సోనీ కంపెనీ దీన్ని మొదటిసారి మార్కెట్టులోకి తెచ్చింది. దీని వెనక చేసిన కృషికి గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. (గుడ్‌ఇనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్లు. బ్యాక్‌లాగులు వున్న మిత్రులు నిరుత్సాహపడనక్కరలేదు!) చార్జి చేసేటప్పుడు లిథియం అయాన్లు ఒక ఎలక్ట్రోడు నుంచి బయలుదేరి, ఎలక్ట్రోలైట్ గుండా పోయి, రెండో వైపున గ్రాఫైట్ పొరల మధ్య కూర్చుంటాయి. వాడేటప్పుడు తిరుగు ప్రయాణం కడతాయి. అయితే పోయినవన్నీ తిరిగి రావు. గ్రాఫైట్ మీద ఒక సన్నని పొర ఏర్పడుతుంది. అది లేకపోతే బ్యాటరీయే నిలవదు. కాని ఏళ్ల తరబడి అది మందమవుతూ కొంత కొంత లిథియాన్ని తనలో కట్టిపడేస్తుంది. వేడిలో ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. దిండు కింద చార్జింగు పెట్టి పడుకునే వీరులు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

కనుక మూడు నాలుగేళ్లకు బ్యాటరీ నీరసించడం వింత కాదు, దాని స్వభావమే అంత. ఆపిల్ కంపెనీ తన ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్లలో బ్యాటరీలను 500 పూర్తి చార్జీల తర్వాత 80 శాతం సామర్థ్యం మిగిలేట్టు, 15 నుంచి వచ్చినవాటిలో 1000 చార్జీల తర్వాత అంత మిగిలేట్టు తయారుచేశామని తానే చెబుతున్నది. రోజుకొక చార్జి లెక్కన నా ఫోనుకు 1200 దాటిపోయాయి. పాపం, అది చేయవలసిన చాకిరీ చేసింది.

మరి ముప్ఫై శాతం వుండగానే ఆరిపోవడమేమిటి? మా వాడకట్టులో ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఒక్కసారిగా పడితే ఇంట్లో బల్బు ఎర్రగా మసకబారుతుంది. ఇదీ అంతే. బ్యాటరీ పాతబడినకొద్దీ అంతర్నిరోధం పెరుగుతుంది. కెమెరా, తెర, నెట్టు అన్నీ కలిసి ఒక్కసారి కరెంటు గుంజితే, లోపలి నిరోధం దగ్గరే కొంత వోల్టేజి ఖర్చయిపోయి, ఫోనుకు అందేది చాలదు. చాలకపోతే అది ఆరిపోతుంది. ఓమ్ నియమం తప్ప ఇందులో మర్మమేమీ లేదు. మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులో పొటెన్షియోమీటరుతో ఘటం అంతర్నిరోధం కనుక్కున్నాను, రికార్డు రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. అదే ప్రయోగం రోజూ నా జేబులో జరుగుతుంటే మాత్రం గుర్తుపట్టలేదు. మా లెక్చరర్లు క్షమించాలి.

ఇట్లా ఆరిపోకుండా వుండాలంటే కంపెనీకి ఒక దారి వుంది: ఫోను వేగం తగ్గించడం. పాత బ్యాటరీలున్న ఐఫోన్ల విషయంలో తాను అదే చేశానని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకున్నది. తప్పు వేగం తగ్గించడంలో లేదు. ఎందుకు తగ్గిందో వాడేవాడికి స్పష్టంగా చెప్పకపోవడంలో వుంది. ఫోను నెమ్మదించిందంటే ఎవడైనా ఫోనే ముసలిదైందనుకుంటాడు గాని, బ్యాటరీ మారిస్తే చాలునని ఎందుకనుకుంటాడు? పెద్ద గొడవ జరిగిన మీదట, 2018లో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించారు. 2020లో ఫ్రాన్సులో రెండున్నర కోట్ల యూరోల జరిమానా కూడా పడింది. వీటన్నిటికంటె నాకు నచ్చిన సాక్ష్యం వేరే వుంది. 2019 జనవరిలో ఆ కంపెనీ అధిపతి టిమ్ కుక్ మదుపుదారులకు ఒక లేఖ రాస్తూ, ఐఫోన్ల అమ్మకం అనుకున్నంత లేకపోవడానికి గల కారణాలలో తక్కువ ధరకు బ్యాటరీలు మార్చుకున్న కొనుగోలుదారులను కూడా చేర్చాడు. బ్యాటరీ మారిస్తే కొత్త ఫోను అవసరం తప్పుతుందని అమ్మేవాడే ఒప్పుకున్న తర్వాత ఇంక నా వాదన దేనికి?

ఇక నా కథ. ముందు కంపెనీ సర్వీసు సెంటరుకు పోయాను. టోకెను తీసుకొని గంటన్నర కూర్చుంటే, కౌంటరులోని అతను ఫోనును విప్పనైనా విప్పకుండా "ఈ మోడలుకు బ్యాటరీ రాదు, ఎక్స్‌చేంజిలో కొత్తది చూడండి" అన్నాడు. అక్కడినుంచి వస్తూ దారిలో ఒక చిన్న దుకాణంలో నాలుగు వందల యాభైకి బ్యాటరీ వేయించాను. చవక అని సంబరపడ్డాను. మూడు వారాలకు ఫోను వెనక మూత కొద్దిగా పైకి లేచింది! లోపల ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై వాయువులు పుడితే బ్యాటరీ అట్లా ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని పొడవకూడదు, వంచకూడదు, చార్జి పెట్టకూడదు. నేను మాత్రం భయంతో దాన్ని ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద పెట్టి, కాపలా కాస్తూ కూర్చున్నాను. మిత్రులు ఎంత నవ్వారో చెప్పలేను.

మర్నాడు ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టుకు పోయాను. అక్కడ మూడు దుకాణాలు తిరిగి, బ్యాటరీ మీద తయారైన తేదీ చూసి, ఆరు నెలల వారంటీ బిల్లు మీద రాయించుకొని, మజూరీతో కలిపి పదమూడు వందలు ఇచ్చాను. మెకానిక్కు నాకంటె రెండేళ్లు చిన్నవాడు. వెనక మూతకు వేడి చూపించి, సన్నని ప్లాస్టిక్ బిళ్లతో జిగురు కోసి, కనెక్టరు ఊడదీసి, ఇరవై నిమిషాల్లో పని ముగించాడు. అతను ఏ కాలేజీలోనూ చదవలేదట. ఆ చేతుల నేర్పు చూస్తూ నా రికార్డు మార్కులు గుర్తుచేసుకున్నాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదింటికి కూడా నలభై మిగులుతున్నది. పరుగు కూడా మునుపటిలాగే వుంది.

అయితే అన్ని పాత ఫోన్లకూ ఇదే మందు అని నేను అనను. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన ఫోనులో బ్యాంకు వ్యవహారాలు నడపడం మంచిది కాదు. నా ఫోనుకు ఇంకా వస్తున్నాయి, అవి ఆగిన రోజున నేనూ ఆలోచించుకోవాలి. ఒకసారి విప్పిన ఫోను నీళ్లకు మునుపటిలా తట్టుకోదు. తెరా, బోర్డూ కూడా పోయినదాన్ని బాగుచేయించడం ఎండిన బోరులో కొత్త మోటారు దించడమే. నేను అడిగేదల్లా తీర్పుకు ముందు విచారణ జరగాలని.

నా నాయిన చేతిలోని కీప్యాడ్ ఫోనుకు వెనక మూత గోటితో వస్తుంది. ఇప్పటికి మూడు బ్యాటరీలు మార్చాడు, ఏ మెకానిక్కు అవసరమూ పడలేదు. మన ఫోన్లను జిగురుతో మూసేశారు. సన్నగా వుండాలని, నీళ్లు పోకూడదని కారణాలు చెబుతారు; వాటిలో కొంత నిజముంది. కాని ఐరోపా సమాజం 2023లో చేసిన చట్టం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న ఉపకరణాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులతో, వాడేవాడే తీసి మార్చుకునే వీలుండాలి. అడిగేవాడు గట్టిగా అడిగితే జిగురు కరుగుతుందన్నమాట. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. అందులో మొదట చేర్చిన నాలుగు రంగాలలో మొబైల్ ఫోన్లు ఒకటి, వ్యవసాయ పనిముట్లు ఒకటి. మా నాయిన పోలికను ఢిల్లీవాళ్లు కూడా ఒప్పుకున్నట్లే! కాని పోర్టల్ వేరు, కట్టడి చేసే చట్టం వేరు. నాలాంటివాడికి "బ్యాటరీ రాదు" అని చెప్పి పంపినవాణ్ణి ఎందుకు రాదని అడిగే బలం ఆ రెండోదానితోనే వస్తుంది.

ఈ బ్యాటరీలలో వాడే కోబాల్టులో ఎక్కువ భాగం కాంగోలోని గనులలోంచి వస్తుంది. అక్కడ చిన్న పిల్లలు కూడా తవ్వుతున్నారని లోకమంతటికీ తెలుసు. ఒక ఫోను వల్ల గాలిలోకి పోయే కర్బన వాయువులలో సుమారు 80 శాతం దాన్ని తయారుచేసేటప్పుడే పోతుందని ఆపిల్ తన మోడళ్ల గురించి ఇచ్చిన నివేదికలే చెబుతున్నాయి. అంటే ఉన్న ఫోనును ఇంకో రెండేళ్లు వాడటమే అసలైన పొదుపు. ఇంతకంటె ఈ సంగతి సాగదీయను. పర్యావరణ దినోత్సవం నాడు మన ఆడిటోరియంలో వినేదే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది వేరు. మన హాస్టల్లో పగిలిన చెప్పులు కుట్టించుకుంటే ఎవరూ ఏమీ అనరు గాని, పాత ఫోను తీస్తే మాత్రం "ఏందిరా ఇంకా అదేనా" అంటారు. నెలనెలా కిస్తీ కట్టడానికి మెస్సు బిల్లు వాయిదా వేసినవాణ్ణి నేనెరుగుదును. అతని పేరు రాయను, అతని ఫోను మాత్రం చాలా బాగుంటుంది.

విద్యార్థి సంఘం వారికి ఒక విన్నపం. ఏటా క్రికెట్ పోటీలు పెడుతున్నారు, సంతోషం. ఈసారి ఎలక్ట్రానిక్స్ లాబులో ఒక శనివారం మరమ్మతు రోజు పెట్టండి. జగదీశ్ మార్కెట్టు నుంచి ఇద్దరు మెకానిక్కులను పిలిచి, మజూరీ ఇచ్చి, గౌరవంగా కూర్చోబెట్టి మాకు పని నేర్పించండి. ఇంకొకటి: 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులది. వారితో మాట్లాడి కాలేజీలో ఒక పెట్టె పెట్టించడం సంఘానికి చేతగాని పని కాదు.

ఎందుకంటే, బ్యాటరీ మారిందని ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాయిన ఇంకొక ప్రశ్న వేశాడు: "మరి ఆ ఉబ్బిన దాన్ని ఏంజేసినవ్?" నా దగ్గర జవాబు లేదు. చెత్తబుట్టలో వేస్తే లారీలో నలిగి అంటుకోవచ్చు. అందుకని దాని కొనలకు టేపు చుట్టి, ఇసుక నింపిన రేకు డబ్బాలో పెట్టి, మెస్సు వెనక గోడవారన, చెట్టు నీడలో వుంచాను. రెండు నెలలైంది. వంటాయన రోజూ అడుగుతున్నాడు, "తమ్మీ, ఆ డబ్బా ఎప్పుడు తీస్తవ్?" అని.