‘మీ యిష్టము’ అను మాట బరువు

1963వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీకి కుమారుడు కలిగెను. అయిదు వారములకు పైగా ముందు పుట్టిన ఆ శిశువునకు పాట్రిక్ అని పేరిడిరి. బరువు రెండు కిలోలకు కొంచెము పైన. ఊపిరితిత్తులు సరిగా విచ్చుకొనక ఆ బిడ్డ ఊపిరికై తపించెను. బోస్టను నగరములోని పెద్ద ఆసుపత్రికి తరలించిరి. అధిక పీడనముగల ప్రాణవాయువు గదిలో ఉంచిరి. 39 గంటలు బ్రతికి, 9వ తేదీన ఆ పసివాడు కన్నుమూసెను. అంతటి అధికారము చేతనున్న తండ్రియు చేయగలిగినది లేకపోయెను. ఆయనకు దుఃఖము మిగిలెను గాని, చికిత్సను కొనసాగించుటయా మానుటయా అని నిర్ణయింపవలసిన అగత్యము మాత్రము కలుగలేదు.

నేడు తగిన వసతులున్నచోట అట్టి బిడ్డ బ్రతుకుట సామాన్య విషయము. ఊపిరితిత్తులలోని గాలిగదులు ముడుచుకొనిపోకుండ కాపాడు సహజ పదార్థము నెలలు నిండని శిశువులలో కొఱవడుటయే వారి శ్వాసకష్టమునకు కారణమని మేరీ ఎల్లెన్ ఏవరీ, జెరీ మీడ్ అనువారు 1959లో వెల్లడించిరి. ఎడతెగని వాయుపీడనముతో ఊపిరితిత్తులను తెఱచియుంచు పద్ధతిని జార్జి గ్రెగరీ 1971లో ప్రకటించెను. కొఱవడిన పదార్థమును బయటినుండి అందించి శిశువులను బ్రతికింపవచ్చునని జపాను వైద్యుడు ఫుజివారా 1980లో చూపెను. ఇట్లు మెట్టు వెంబడి మెట్టెక్కి, వైద్యశాస్త్రము 24 వారములకే పుట్టిన బిడ్డలను సైతము పలువురిని దక్కించుకొనుచున్నది. అయితే దక్కిన వారందఱును ఒకే తీరున దక్కరు. కొందఱు ఆరోగ్యముతో బడికి పోవుదురు. కొందఱికి మెదడులో రక్తస్రావమై, నడకయో చూపో మాటయో కొఱవడును. ఎవరి గతి యేమగునో తొలినాళ్ళలో వైద్యుడు కచ్చితముగ చెప్పజాలడు. సాధనము లేనినాడు ప్రశ్న లేదు. సాధనము వచ్చెను, దాని వెంట ప్రశ్నయు వచ్చెను. శ్వాసయంత్రమును కొనసాగింపవలెనా? నిలుపవలెనా? ఆ మాట చెప్పవలసిన వారెవరు?

ఈ ప్రశ్నను తల్లిదండ్రులు తమ నోటనే లోకమునకు వినిపించిన తొలి గ్రంథములలో ఒకటి 1983లో అమెరికాలో వెలువడెను. దానిని వ్రాసినవారు రాబర్టు, పెగ్గీ స్టిన్సను దంపతులు. భర్త చరిత్రోపాధ్యాయుడు. వారి కుమారుడు ఆండ్రూ 1976 డిసెంబరులో 800 గ్రాముల బరువుతో పుట్టెను. అసాధారణ చికిత్సలతో బిడ్డ బాధను పొడిగింపవద్దని వారు తొలుతనే వేడుకొనిరి. ఆ వేడుకోలు చెల్లలేదు. వారి సమ్మతి లేకయే బిడ్డను శ్వాసయంత్రమునకు తగిలించిరి. ఉపద్రవము మీద ఉపద్రవము వచ్చి, ఆరు నెలలకు, 1977 జూనులో, ఆండ్రూ మరణించెను. ఆ దినచర్యలను చదివినవారికి ఒక సంగతి తెలియును: బిడ్డ పోవుట ఎంత దుఃఖమో, తమ బిడ్డ విషయములో తాము పరాయివారగుట వారికి అంత దుఃఖము.

అట్లని సర్వాధికారమును తల్లిదండ్రులకే ఒప్పగించిన చాలునా? ఆ దేశమందే 1982 ఏప్రిలులో, ఇండియానా రాష్ట్రమునందలి బ్లూమింగ్టనులో, డౌన్ లక్షణములతో ఒక శిశువు పుట్టెను. అన్ననాళము మూసుకొనియుండెను. శస్త్రచికిత్సతో దానిని సరిచేయవచ్చును. తల్లిదండ్రులు వలదనిరి, న్యాయస్థానములు వారి మాటనే నిలిపెను. పాలు లేక, ఆరు దినములకు ఆ బిడ్డ మరణించెను. బుద్ధిమాంద్యము కలుగునను కారణమున ఒక ప్రాణమును కాదనవచ్చునా అని దేశమంతట ఆందోళన రేగెను. అట్టి శిశువులకు అవసరమైన చికిత్సను నిరాకరించుట బాలలను నిర్లక్ష్యము చేయుటయేయని, కొన్ని మినహాయింపులతో, 1984లో శాసనము చేసిరి. ఒకచోట తల్లిదండ్రుల మాట వినకపోవుట తప్పైనది. మఱొకచోట వారి మాట మాత్రమే వినుట తప్పైనది.

అయినచో నడుమ దారి యేది? ఫ్రాన్సు, అమెరికా దేశముల తల్లులను పరిశీలించి క్రిస్టీనా ఓర్ఫాలీ, ఎలీసా గోర్డన్ అనువారు 2004లో ఒక వ్యాసము ప్రకటించిరి. అమెరికాలో నిర్ణయము తల్లిదండ్రుల హక్కు. ఫ్రాన్సులో, వారిపై పాపభారము మోపరాదని, వైద్యులే నిర్ణయించు ఆచారముండెను. హక్కు పొందిన తల్లులకంటె, హక్కు లేని ఫ్రెంచి తల్లులలోనే కోపమును, అపరాధభావమును తక్కువగా కానవచ్చెను. దీనినిబట్టి తల్లిదండ్రులను దూరముంచుటయే మేలని తలంపరాదు. బిడ్డలను కోల్పోయిన ఫ్రెంచి తల్లిదండ్రులపైననే జరిగిన మఱొక పరిశీలన 2013లో వెలువడెను. వైద్యులే నిర్ణయించిరని తలచినవారికంటెను, తామే నిర్ణయించితిమని తలచినవారికంటెను, ఇరువురము కలిసి నిర్ణయించితిమని తలచినవారి దుఃఖము తక్కువగా నుండెను. తల్లిదండ్రులు కోరునది అధికారము కాదు, తోడు.

ఈ మాట తెలుగునాటికి మఱింత వర్తించును. ‘బిడ్డను పెట్టెలో ఉంచినారు’ అను మాట నేడు పల్లెలలోను వినబడుచున్నది. ప్రభుత్వపు పెద్దాసుపత్రులలో నవజాత శిశువులకు ప్రత్యేక కేంద్రములు వెలసినవి. కాని అక్కడి దృశ్యమేమి? తల్లి కోత నొప్పితో ఒక వార్డులో ఉండును. కొన్ని వేళల వేఱొక ఊరనే ఉండును. తండ్రి గాజు తలుపు వెలుపల నిలుచును. అతని చేతికొక కాగితము వచ్చును. “ఉన్న సంగతి చెప్పినాము. ఇక మీ యిష్టము.” పైకి అది మర్యాదయే. వినువానికి మాత్రము చేయి విడిచిపెట్టిన మాటగా తోచును. “అయ్యా, మీ చేతులలో పెట్టినాము” అని అతడు దండము పెట్టును. వైద్యుడు నిర్ణయమును అతని మీదికి నెట్టును. అతడు వైద్యుని మీదికి నెట్టును. తల్లి నెవ్వరును అడుగరు. ప్రయివేటు ఆసుపత్రియైనచో దినదినము పెరుగు బిల్లు మూడవ న్యాయమూర్తియై కూర్చుండును. బంగారము కుదువకు పోయినపిమ్మట “ఇంటికి తీసికొనిపోయెద”మని సంతకము చేసిన తండ్రిది నైతిక నిర్ణయమందుమా, లేమి చేయించిన నిర్ణయమందుమా?

మన శాసనము ఈ భారము ఒక్కని నెత్తిన ఉండరాదనియే భావించినది. గౌరవముతో మరణించుట జీవనహక్కులోని భాగమని సుప్రీంకోర్టు 2018 మార్చి 9వ తేదీన తీర్పు చెప్పెను; ఆ విధానమును 2023లో కొంత సులభము చేసెను. నయము కాని స్థితిలో, తన యిష్టమును తాను తెలుపలేని రోగి విషయమున, చికిత్స చేయు వైద్యుడును, అనుభవజ్ఞులగు నిపుణులును ఒక మండలిగా ఆలోచింపవలెను, కుటుంబము సమ్మతింపవలెను, రెండవ మండలి సరిచూడవలెను. ఇప్పుడే కన్ను తెఱచిన శిశువుకంటె తన యిష్టమును తెలుపలేని రోగి మఱెవరు?

కావున మారవలసినది మొదట మాటయే. ‘మీ యిష్టము’ అనుటకు మాఱుగా, “మాకు తోచినది యిది, మీ మనసులో నున్నది చెప్పుడు, తల్లినికూడ పిలువుడు, తొందరలేదు, ఱేపు మరల మాటలాడుదము” అనవలెను. దానికి క్రొత్త యంత్రము అక్కఱలేదు, ఒక కుర్చీయు, అర్ధగంట కాలమును చాలును.

ఆ గదిలో జరిగినది ఆ గదిలోనే ముగియదు. దక్కిన బిడ్డ కొన్ని యేండ్లకు బడికి వచ్చును. నడక తడబడవచ్చును, మాట ఆలస్యము కావచ్చును. దక్కని బిడ్డకు అన్నయో అక్కయో అదే తరగతిలో కూర్చుండవచ్చును. “అప్పుడట్లు చేసియుండవలసినది” అని ఇరుగుపొరుగు పలుకు మాట ఆ యింటివారికి పాత గాయమును రేపును. ఆ తల్లిదండ్రులు చేసినది తెలిసి చేసిన నేరము కాదు. తెలియని చీకటిలో, ప్రేమతో, చేతనైనంత చేసిన నిర్ణయము. దానిని విమర్శించుటకు ముందు, ఆ గాజు తలుపు వెలుపల ఒక్క రాత్రి నిలిచినట్లు ఊహించుకొనుట మనుష్యధర్మము.