సైకిలు ఇచ్చారు సరే, దారి ఏదీ?

బీహారు రాష్ట్రంలో 2006లో ఒక పథకం మొదలైంది. తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలు సైకిలు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఫలితం ఏమైందో తెలుసా? ఆ పథకాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు, దాని వల్ల ఉన్నత పాఠశాలల్లో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని 2017లో ప్రకటించారు. అదే 2017లో మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ అనే పేరుతో ప్రభుత్వ పాఠశాలల ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. రెండు చక్రాలు, ఒక గొలుసు, రెండు పెడళ్ళు. ఇంత చిన్న యంత్రం దూరాన ఉన్న బడిని దగ్గరకు తెచ్చింది.

అయితే ఆ సైకిలు బడి గేటు దాటి పట్నంలోని పెద్ద రోడ్డు మీదికి వచ్చాక ఎటు పోవాలి? ఎడమ పక్కన ఆపి ఉంచిన కార్లు. వాటికి అవతల మురుగు కాలువ. కుడి పక్కన దూసుకుపోయే మోటారు వాహనాలు. వెనుక నుంచి బస్సు హారను. “జాగ్రత్తగా వెళ్ళమ్మా” అని చెప్పడం తప్ప తల్లి చెయ్యగలిగింది ఏమీ లేదు. సైకిలు ఇచ్చి దారి ఇవ్వకపోవడం విస్తరి వేసి అన్నం వడ్డించకపోవడం లాంటిదే.

రోడ్డులో కొంత మేర సైకిళ్ళకు విడిగా కేటాయించాలని కొందరు అంటారు. ఉన్న రోడ్డే కార్లకు చాలడం లేదు, అందులో కోత పెడితే ఎలా అని మరికొందరు అడుగుతారు. రెండో వారి ప్రశ్న కొట్టిపారెయ్యదగినది కాదు. రోగులు, వృద్ధులు, దూరం పోవలసినవారు మోటారు వాహనం లేకుండా ఎలా వెళతారు? కాబట్టి కోపతాపాలు పక్కన పెట్టి లెక్క వేసి చూద్దాం.

కార్లు పోయే ఒక లేన్ వెడల్పు సుమారు 3.5 మీటర్లు. ముందు కారుకూ వెనుక కారుకూ మధ్య 2 సెకన్ల ఎడం ఉందనుకోండి. గంటకు 3,600 సెకన్లు. అంటే ఒక చోట నిలబడి చూస్తే గంటలో 1,800 కార్లు మన ముందు నుంచి పోతాయి. కారుకు ఇద్దరు చొప్పున 3,600 మంది. అదే 3.5 మీటర్లలో సైకిళ్ళు మూడు బారులుగా సాగిపోవచ్చు. వాటి మధ్య కూడా 2 సెకన్ల ఎడమే ఉంచితే గంటకు 5,400 మంది! సిగ్నలు దీపాల దగ్గర ఆగడం వల్ల ఈ అంకెలు తగ్గుతాయి. అయినా సైకిళ్ళ బారు వెనుకబడదు. నిండా జనంతో పోయే బస్సులు ఈ రెండింటినీ మించిపోతాయి. అందుకే బస్సుల చోటు తగ్గించమని నేను అనను.

సైకిళ్ళకు విడి దారి ఎందుకు, అందరూ కలిసి పోకూడదా అని అడగవచ్చు. దీనికి జవాబు మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. కదిలే వస్తువు గతిజ శక్తి దాని ద్రవ్యరాశిని బట్టీ, వేగపు వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. మనిషితో సహా 80 కిలోల సైకిలు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. 1,000 కిలోల కారు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది. లెక్క వెయ్యండి. కారు శక్తి సైకిలు శక్తికి దాదాపు 139 రెట్లు! ఇంత తేడా ఉన్న రెండింటిని ఒకే దారిలో పొమ్మనడం న్యాయమా?

ఢిల్లీలో 2008లో ఒక ప్రయత్నం జరిగింది. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల రోడ్డును పంచి, నడుమ బస్సులకు, అంచున సైకిళ్ళకు, పాదచారులకు విడి దారులు ఇచ్చారు. కార్లవారికి కోపం వచ్చింది. పత్రికలలో పెద్ద వాదన నడిచింది, విషయం కోర్టుకెక్కింది. 2012లో ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. అయినా 2016లో ఆ ఏర్పాటును తొలగించారు. అందులో లోపాలు లేకపోలేదు. మోటారు సైకిళ్ళు సైకిలు దారిలో దూరేవి. నడుమ ఉన్న బస్సు స్టాపు చేరాలంటే వాహనాల మధ్య నుంచి దాటవలసి వచ్చేది. లోపాలు దిద్దడానికి బదులు దారినే ఎత్తివేశారు.

నెదర్లాండ్స్ దేశం మరోలా నడిచింది. అక్కడ 1971లో రోడ్డు ప్రమాదాలలో 3,000 మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. “పిల్లల హత్య ఆపండి” అన్నదే వారి ఉద్యమం పేరు. 1973లో పెట్రోలు కరువు కూడా వచ్చిపడింది. ఆ తరువాత ప్రభుత్వం సైకిలు దారులు వేయసాగింది. 2023లో అక్కడ రోడ్డు మరణాలు 684. ఈ తగ్గుదలకు సీటు బెల్టులు, మెరుగైన వాహనాలు కూడా కారణమే. కాని నేడు ఆ దేశంలో జరిగే ప్రయాణాలలో నాలుగో వంతుకు పైగా సైకిలు మీదే సాగుతున్నాయి.

“మన ఎండలకు సైకిలు ఎవరు తొక్కుతారు? రోడ్డు మీద సైకిళ్ళే కనబడవు కదా!” అని కొందరు నవ్వుతారు. బడి లేని ఊళ్ళో బడికి పోయే పిల్లలు కనబడరు. అంతమాత్రాన ఆ ఊరికి బడి అక్కర్లేదంటామా? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వంద ఇళ్ళలో దాదాపు 45 ఇళ్ళలో సైకిలు ఉంది. కారు ఉన్నవి 5 ఇళ్ళు కూడా లేవు. ఎండకు చెట్ల నీడ మందు. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించినప్పుడు, దానిపై సౌర ఫలకాలనే కప్పుగా వేశారు. నీడా వచ్చింది, విద్యుత్తూ వచ్చింది. కాని అది ఊరి అంచున ఉన్న దారి. మనకు కావలసింది ఇంటి నుంచి బడికి, బజారుకు పోయే దారి.

నా అభిప్రాయం ఇది. రోడ్డును వాహనాల లెక్కన కాక మనుషుల లెక్కన పంచాలి. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పిందీ అదే. ముందుగా బడుల చుట్టూ ఉన్న వీధులతో మొదలుపెట్టాలి. రోడ్డు అంచున ఊరికే ఆపి ఉంచే కార్ల చోటును తీసుకోవాలి. అది చాలకపోతే ఒక కార్ల లేన్‌ను తగ్గించడానికీ వెనుకాడకూడదు. ఉత్త సున్నపు గీత గీస్తే లాభం లేదు, మోటారు వాహనం ఎక్కలేని గట్టు కావాలి.

నా మాట నమ్మమని అనను. ఒక ఉదయం పెద్దల తోడుతో మీ బడి ముందు సురక్షితమైన చోట నిలబడి గంటసేపు లెక్కించండి. ఎన్ని కార్లు, వాటిలో ఎందరు మనుషులు? ఎన్ని సైకిళ్ళు, ఎన్ని బస్సులు? పట్టిక వేసి మీ సైన్సు మాస్టారికి చూపించండి. తరువాత దానిని పురపాలక సంఘానికి పంపండి. రోడ్డు గురించి మాట్లాడే హక్కు దాని మీద నడిచే ప్రతివారికీ ఉంది, ఓటు లేని మీకు కూడా.