పద్యం పక్కన ఒక బొమ్మ

ఈ మధ్య మూడో తరగతి బాబు ఒకడు వేమన గారి ఉప్పు, కర్పూరం పద్యాన్ని తడుముకోకుండా అప్పజెప్పాడు. "బాగా చెప్పావు నాన్నా. ఈ పద్యం చెబుతుంటే నీకేం కనిపిస్తోంది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "42వ పేజీ టీచర్" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లాక మాత్రం ఆ మాట నన్ను వదల్లేదు.

తప్పు వాడిది కాదు. పద్యాన్ని మనం మార్కుల కోసం ఇచ్చాం, వాడు మార్కుల కోసమే నేర్చుకున్నాడు.

పిల్లల కవితకు బొమ్మ ఎంత అవసరమో 19వ శతాబ్దంలోనే లండన్‌లో ఎడ్మండ్ ఎవాన్స్ అనే ప్రింటర్ గ్రహించారు. అప్పట్లో రంగుల బొమ్మలను గట్టి చెక్క దిమ్మెల మీద చెక్కి అచ్చు వేసేవారు. ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మె. పెడన కలంకారీ అద్దకం చూసినవారికి ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. కేట్ గ్రీనవే తానే రాసి, తానే బొమ్మలు గీసిన గేయాల పుస్తకం 'అండర్ ది విండో'ను 1879లో ఎవాన్స్ ఇలాగే అచ్చు వేశారు. మొదటే 20,000 కాపీలు వేస్తే అంత ఎందుకన్నారు. అవన్నీ అమ్ముడుపోయి మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది.

మనకూ ఆ భాగ్యం ఉంది. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ గారి మాటలు, నరసాపురంలో పుట్టిన బాపు గారి బొమ్మలు కలిసి తిరుప్పావై పాశురాలు 'మేలుపలుకుల మేలుకొలుపు'గా తెలుగువారి ఇళ్లకు వచ్చాయి.

"ఫోన్‌లో రైమ్స్ వీడియోలు చూస్తున్నారుగా, అవీ బొమ్మలే కదా?" అని కొందరు అమ్మలు అడుగుతారు. వీడియోలో బొమ్మ క్షణంలో వెళ్లిపోతుంది. పుస్తకంలో బొమ్మ అక్కడే ఉంటుంది. పిల్లలు దానిమీద వేలు పెట్టి "ఇదేంటి? ఇలా ఎందుకుంది?" అని అడుగుతారు. పద్యం అర్థమయ్యేది ఆ ప్రశ్నల దగ్గరే.

మర్నాడు ఆ బాబుకు తెల్లకాగితం ఇచ్చి పద్యానికి బొమ్మ వేయమన్నాను. రెండు తెల్లటి కుప్పలు గీశాడు. ఒకదాని ముందు నాలుక బయటపెట్టి, ముఖం చిట్లించుకున్న తమ్ముణ్ణి గీశాడు. ఇక వాడికి ఆ పద్యం ఎవరూ వివరించనక్కర్లేదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. వారానికి ఒక పద్యం, దాని పక్కన మీ పిల్లలే వేసిన ఒక బొమ్మ. బెండకాయ ముక్కను రంగులో ముంచి అద్దినా చాలు. "వచ్చిందా?" అని అడిగే ముందు "ఏం కనిపిస్తోంది?" అని అడగండి.

— తెలుగు ఉపాధ్యాయిని, కొవ్వూరు క్యాంపస్