నడుముకు ఆపరేషన్ – తలలో గాలి!

"ఆపరేషన్ చేసింది నడుముకి. ఇప్పుడు తలలో గాలి చేరిందంటున్నారు. ఇదెక్కడి విడ్డూరమండీ?" – తండ్రిగారికి డిస్క్ ఆపరేషన్ అయిన ఒక సోదరి ప్రశ్న ఇది.

విడ్డూరమేమీ కాదు. మెదడు, వెన్నుపాము ఒకే సంచిలో ఉన్నాయి. డ్యూరా అనే గట్టిపొర ఆ సంచికి గోడ. పుర్రెలో మొదలై వెన్నెముక గొట్టం గుండా నడుము దిగువ దాకా అది సాగుతుంది. అందులో నీళ్ళలా తేటగా ఉండే మస్తిష్క మేరుద్రవం ఉంటుంది. పెద్దవారిలో ఏ వేళ చూసినా అది సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక కాఫీ గ్లాసెడు. రోజుకు దాదాపు అరలీటరు కొత్తగా ఊరుతూ, పాతది రక్తంలో కలిసిపోతూ ఉంటుంది.

జారిన డిస్క్‌ను తీసేటప్పుడో, నరాన్ని నొక్కే ఎముకను చెక్కేటప్పుడో ఈ పొర ఒక్కోసారి చిరుగుతుంది. ఇదివరకు ఆపరేషన్ జరిగినచోట అయితే పాత మచ్చ అతుక్కుని ఉంటుంది కనుక ఆ భయం మరీ ఎక్కువ. చెయ్యి తిరిగిన సర్జన్‌కు కూడా తప్పని చిక్కు ఇది. వెంటనే చూసి కుట్టేస్తే చాలామందిలో ఇబ్బంది ఉండదు. చిరుగు కంటపడకపోయినా, కుట్టు నిలవకపోయినా ద్రవం కారడం మొదలవుతుంది.

నిండు నీళ్ళ సీసాను బోర్లించి చూడండి. నీళ్ళు కిందికి పోతుంటే గాలి బుడగలు గుడగుడమంటూ పైకి ఎక్కుతాయి. ఇక్కడ జరిగేదీ అదే. కారిపోయిన ద్రవం స్థానంలోకి చొరబడిన గాలి, రోగి కూర్చోగానే తలలోకి చేరుతుంది. దీన్నే న్యూమోసెఫాలస్ అంటారు.

గాలి నడుము నుంచి తలకెక్కుతుందన్నది డాక్టర్లకు పాత సంగతే. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్‌కిన్స్ సర్జన్ వాల్టర్ డాండీ 1919లో కావాలనే ఈ పని చేశాడు. నడుములో సూది గుచ్చి ద్రవం తీసి, బదులు గాలి ఎక్కించి, మెదడులోని గదులను ఎక్స్‌రేలో చూశాడు. ఆ పరీక్ష చేయించుకున్న రోగులు తలనొప్పితో, వాంతులతో అల్లాడిపోయేవారు. 1970లలో సి.టి. స్కాన్ వచ్చి వారిని ఆ బాధ నుంచి తప్పించింది. ఇప్పుడు తలలో చేరిన గాలిని నల్లగా చూపించేదీ ఆ స్కానే.

ఇక మీరు గమనించవలసినవి. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లో తలనొప్పి, కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గడం, వికారం, వాంతులు. తల కదిపితే లోపల నీళ్ళు తొణికినట్టు చప్పుడు వినిపిస్తోందని చెప్పేవారు కూడా ఉన్నారు. "పిచ్చిమాటలు" అని కొట్టిపారేయకండి. మాట తడబడినా, మనుషులను పోల్చుకోలేకపోయినా, మూర్ఛ వచ్చినా, పిలిస్తే పలక్కుండా మగతగా ఉన్నా క్షణం ఆగకుండా డాక్టరును పిలవండి. "మత్తుమందు ఇంకా దిగలేదేమో" అని బంధువులు సరిపెట్టుకోవడమే కొంప ముంచుతుంది. గాలి ఒత్తిడి పెరిగి మెదడును నొక్కుతూ ఉండవచ్చు. అప్పుడు పుర్రెకు చిన్న రంధ్రం చేసి గాలి తీయవలసి వస్తుంది.

కట్టు తడిసి తేటనీరు కనిపిస్తే చెమట అనుకోవద్దు. మీరే గుడ్డ మార్చి ఊరుకోవద్దు. నర్సుకు చూపించండి. అలాగే "కాస్త లేచి కాఫీ తాగు నాన్నా" అని బలవంతంగా కూర్చోబెట్టకండి. ఎప్పుడు లేవాలో చెప్పవలసింది సర్జన్.

అదృష్టవశాత్తూ గాలి కొద్దిగా ఉంటే చాలామందిలో కొన్నాళ్ళలో దానంతట అదే ఇంకిపోతుంది. పడుకోబెట్టి ఆక్సిజన్ పట్టడం చూసి, "ఊపిరి బాగానే ఆడుతోంది గదా, ఇదెందుకు?" అంటారు ఇంట్లోవాళ్ళు. తలలో చిక్కిన గాలిలో అధికభాగం నైట్రోజన్. ఆక్సిజన్ పీలిస్తే రక్తంలో నైట్రోజన్ తగ్గి, తలలోది త్వరగా రక్తంలోకి లాగబడి ఊపిరితిత్తుల ద్వారా బయటికి పోతుంది. ద్రవం కారడం ఆగకపోతే మాత్రం మళ్ళీ తెరిచి చిరుగు కుట్టక తప్పదు.

ఇంటికి పంపాక విమానం ఎక్కే ముందు సర్జన్‌ను తప్పక అడగండి. ఎత్తుకు పోయినకొద్దీ మిగిలిన గాలి ఉబ్బుతుంది. ఆ రోజుల్లోనే మరో ఆపరేషన్ అవసరమైతే, మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పండి. నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తువాయువు కూడా ఆ గాలిబుడగను పెంచుతుంది.