పాత బ్రౌజర్‌లో జనం ఆధార్ కొట్టొద్దు

కోరుట్లలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. గల్ఫ్‌కు పోయేవాళ్లు పాస్‌పోర్టు స్లాట్ కోసం, రైతులు భూమి కాగితాల కోసం, పిల్లలు హాల్‌టికెట్ల కోసం వస్తారు. ఆధార్ నంబరు చెప్తారు. ఫోన్‌కొచ్చిన ఓటీపీని కూడా నమ్మి చదివి వినిపిస్తారు. అందుకే బ్రౌజర్ వెర్షన్ నాకు చిన్న సంగతి కాదు.

జగిత్యాల, సిరిసిల్లల్లో తోటివాళ్ల సెంటర్లకు వెళ్తే ఇప్పటికీ విండోస్ 7 కనిపిస్తుంది. దాంట్లో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 గానీ ఆ తర్వాతది గానీ ఉంటేనే ఎక్కుతుంది. "మంచిగనే నడుస్తుంది గదా అన్నా" అంటారు. నడుస్తుంది, నిజమే. కానీ కొత్త వెర్షన్‌లో ఏ లోపం సరిదిద్దారో చూసి, అదే లోపం మిగిలిన పాత వెర్షన్ల మీద పడతారు దొంగలు. అప్‌డేట్ వచ్చిన రోజు నుంచే పాతదానికి ప్రమాదం పెరుగుతుంది.

కొత్త కంప్యూటర్‌కు డబ్బులెక్కడివి? న్యాయమైన ప్రశ్నే. ఫారానికి ఇరవై, ముప్పై రూపాయలు తీసుకునేవాడికి అది బరువే. పాత మిషన్ మీదే చాలావరకు విండోస్‌కు బదులు లినక్స్ మింట్ ఉచితంగా వేసుకోవచ్చు. ఫైర్‌ఫాక్స్ దానితోనే వస్తుంది, అప్‌డేట్లూ అందుతాయి. వేలిముద్ర మిషన్ దాంతో కుదరని మీసేవ కేంద్రాలకు మాత్రం ప్రభుత్వమే కొత్త కంప్యూటర్లకు సాయం చేయాలి.

సెంటర్ నడిపే తమ్ముళ్లారా, ఇవాళే క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో 'అబౌట్ గూగుల్ క్రోమ్' తెరవండి. 109 కనిపిస్తే ఆ కంప్యూటర్‌లో ఎవరి బ్యాంకు పనీ చేయకండి.